4కె మానిటర్ తెచ్చినంక ఉబుంటుల స్కేలింగ్, మౌస్, తెలుగు టైపింగ్: ఏది ముందుగాల సరిచేయాలె?

మిర్యాలగూడ_టైపింగ్:
అన్నలూ, రిజిస్ట్రేషన్ ఆఫీస్ కాడ డాక్యుమెంట్లు టైప్ చేస్త. కంప్యూటర్ల విండోస్ జాగల ఉబుంటు 24.04, ల్యాప్‌టాప్ 14 ఇంచులు ఫుల్ హెచ్‌డీ. కండ్లు గుంజుతున్నయని 27 ఇంచుల 4కె మానిటర్ తెచ్చిన, తెచ్చినంక ఇంకింత కష్టమైంది. స్కేల్ (తెర మీద అక్షరాల సైజు) 100 శాతం మీద ఉంటే వత్తులు చీమల లెక్క ఉన్నయ్, ష్ట ఏదో ష్ఠ ఏదో తెలుస్తలేదు, 200 పెడితే పక్కన స్కాన్ కాపీ పెట్టుకునే జాగ ఉంటలేదు. మౌస్ బాణం ఆగి ఆగి వస్తది. అసలు బాధ వేరేది, ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ల ఇంగ్లిష్ అక్షరాలతోటి తెలుగు కొడ్త, అక్షరం కింద గీత ఉండంగనే వేరే కాడ క్లిక్ చేస్తే ఆ అక్షరం పోతది. పోయిన వారం లక్ష్మయ్య అన్న పేరు లక్ష్మ అని ప్రింటయింది, సంతకం ముంగట ఆ పెద్దమనిషే చూసిండు, చూడకపోతే భూమి కాయిదంల పేరు కోసం ఆయన ఎన్నిసార్లు తిరగాలె. తెర మీద బొమ్మ చూపెట్టే పద్ధతులు రెండున్నయ్ గద, కొత్తది వేలాండ్, పాతది ఎక్స్11, వేలాండ్ మీదనే ఉండాల్నా, ఎక్స్11కు పోవాల్నా?

పాలమూరు_లైనక్స్:
తమ్మీ, మొదలు వైరు చూడు. సెట్టింగ్స్‌ల డిస్‌ప్లేస్ తెరువు, రిఫ్రెష్ రేట్ (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతదో ఆ లెక్క) 30 అని ఉంటే మౌస్ తప్పేం లేదు. హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కె 30 హెర్ట్జ్ దాకనే వస్తది, 60 రావాల్నంటే ల్యాప్‌టాప్ పోర్టు, వైరు రెండూ 2.0కు సరిపోవాలె. పోర్టే పాతదైతే కొత్త వైరు కొన్నా దండుగ, టైప్ సీ పోర్టు కాడ డిస్‌ప్లేపోర్ట్ గుర్తు ఉందా చూసి ఆ వైరు తెచ్చుకో.
ఆడనే ఫ్రాక్షనల్ స్కేలింగ్ (100, 200 నడుమ స్కేల్ పెట్టుకునేది) ఆన్ చేసి పెద్దదానికి 150, ల్యాప్‌టాప్‌కు 125 పెట్టు. 150 అంటే 2560×1440 అంత జాగ, 200 అంటే 1920×1080 అంతనే. రెండు తెరలకు రెండు తీర్ల స్కేల్ కావాల్నంటే వేలాండే మంచిది, ఎక్స్11 1987 నాటిది.

నల్లగొండ_ఫాంట్లు:
స్కేలింగ్ రేపు చేసినా నడుస్తది, పేర్లు పోవుడు ఇయ్యాలనే ఆపాలె. గీత ఉన్నంతసేపు ఆ అక్షరం ఇంకా డాక్యుమెంట్లకు రాలే, ఐబస్ కాడనే ఉన్నది, అందుకే క్లిక్ చేస్తే పోతుంది. కీబోర్డ్ సెట్టింగ్స్‌ల ఇన్‌పుట్ సోర్సెస్‌ల ఉత్త తెలుగు అని లేఅవుట్ ఉంటది, ఇన్‌స్క్రిప్ట్ తీరు (తెలుగు అక్షరాలకు నేరుగా కీలు ఉండేది), కొట్టింది కొట్టినట్టు నేరుగా పోతది, గీత అనేదే ఉండదు. కె కొడితే క, డి కొడితే పొల్లు, దాని మీద ష కొడితే క్ష అయితది. ఒక లేఅవుట్ నుంచి ఇంకోదానికి మార్చుకోనీకి సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి కొట్టు. వారం పది రోజులు చెయ్యి తిరగదు గాని నేర్చుకో, అంతదాక స్పేస్ కొట్టి గీత పోయినంకనే క్లిక్ చెయ్యి.
150 మీద ఏదన్నా సాఫ్ట్‌వేర్ మసక మసక కనబడితే అది ఎక్స్‌వేలాండ్ (ఎక్స్11 సాఫ్ట్‌వేర్లను వేలాండ్‌ల నడిపిచ్చేది) మీద నడుస్తున్నట్టు. ఎక్స్‌ఐస్ (బాణం దిక్కు చూసే రెండు కండ్ల బొమ్మ ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్) తెరిచి బాణం దాని మీదికి తీస్కపో, కండ్లు కదిలితే అదే. ఫైర్‌ఫాక్స్ 121 నుంచి నేరుగా వేలాండ్ మీదనే, దాంతోటి భయం లేదు.

మిర్యాలగూడ_టైపింగ్:
30 అనే ఉన్నదన్నా! టైప్ సీ పక్కన గుర్తు గూడ ఉన్నది, పొద్దుగాల వైరు తెస్త. 150 పెట్టిన, ష్ట, ష్ఠ రెండూ సాఫ్‌గ కనబడుతున్నయ్, పక్కన స్కాన్ కాపీ గూడ పట్టింది. స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కటే మసక, ఎక్స్‌ఐస్ కండ్లు కదిలినయ్, దాన్ని ల్యాప్‌టాప్ తెర మీద 100 పెట్టి వాడుకుంట. తెలుగు లేఅవుట్‌ల లక్ష్మయ్య పది సార్లు కొట్టి కొట్టంగనే క్లిక్ చేసి చూసిన, ఒక్కసారి గూడ య్య పోలే.