ఎం.ఎస్. దరఖాస్తు: కన్సల్టెన్సీ చేతికా, పిల్ల చేతికా?

మలక్‌పేట నాన్న:
మా అమ్మాయి జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో సీఎస్‌ఈ నాలుగో సంవత్సరం చదువుతోంది. ఒక్క బ్యాక్‌లాగ్ ఉండేది, అది తర్వాతి సెమిస్టర్‌లోనే తీరిపోయింది. వచ్చే ఫాల్‌కు (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) అమెరికాలో ఎం.ఎస్. చేస్తానంటోంది. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి తీసుకువెళ్తే, తమకు ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదని, ఎనిమిది యూనివర్సిటీలకు తామే అప్లై చేస్తామని, ఎస్‌ఓపీ (ఈ చదువు ఎందుకో విద్యార్థి రాసుకునే వ్యాసం) కూడా తామే రాసిస్తామని చెప్పి, ఒరిజినల్ మెమోలు అక్కడే ఉంచుకున్నారు. ఇంటికి వచ్చాక అమ్మాయి వారిచ్చిన జాబితా చూసి, అందులో తాను అనుకున్నది ఒక్కటీ లేదని, అన్నీ తానే చేసుకుంటానని భీష్మించుకు కూర్చుంది. నేను ఆర్టీసీలో చేసి రిటైరైనవాణ్ణి, ఈ వ్యవహారాలు తెలియవు. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకుంటున్నప్పుడు ఇంత పనిని ఇరవై ఒక్కేళ్ల పిల్లకు వదిలేయవచ్చా?

కూకట్‌పల్లి టు టెక్సస్:
అంకుల్ గారూ, మొదట ఆ ఉచితం సంగతి చూడండి. వారికి కొన్ని యూనివర్సిటీలతో టై-అప్ ఉంటుంది. మీ అమ్మాయి అక్కడ చేరి ఫీజు కడితే అందులో కొంత కమీషన్‌గా వారికి ముడుతుంది. అందుకే జాబితాలో టై-అప్ ఉన్నవి ముందుంటాయి, కమీషన్ ఇవ్వనివి ‘మీ ప్రొఫైల్‌కు రిస్క్’ అన్న మాటతో పక్కకు పోతాయి. కమీషన్ తీసుకోవడం నేరమేమీ కాదు, పెళ్లిళ్ల పేరయ్య కూడా తీసుకుంటాడు. అలాగని పేరయ్య తెచ్చిన సంబంధాలు తప్ప ఊళ్లో వరుళ్లే లేరని అనుకోము కదా.

నేనూ మొదట అలాంటి చోటే ఇచ్చాను. వారు రాసిన ఎస్‌ఓపీ ‘చిన్ననాడు ఇంట్లో పాడైన రేడియోను విప్పి చూసిన రోజు నుంచి’ అని మొదలైంది. మా ఇంట్లో రేడియో లేదు. నా రూమ్‌మేట్ ఇంట్లోనూ లేదు, కాని ఆమె ఎస్‌ఓపీలోనూ అదే రేడియో పాడైంది. అంతకంటే పెద్ద చిక్కు మెయిల్ ఐడీతో వచ్చింది. దరఖాస్తు నా పేరుతోనే ఉన్నా మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ రెండూ వారివే. మెమోల స్కాన్ సరిగా కనబడడం లేదు, మళ్లీ పంపమని ఒక యూనివర్సిటీ డిసెంబర్‌లో రాస్తే ఆ మెయిల్‌ను ఎవరూ తెరవలేదు. ఫిబ్రవరిలో పోట్లాడి పాస్‌వర్డ్ తీసుకున్నాక గాని నా దరఖాస్తు ‘ఇన్‌కంప్లీట్’ అని పడి ఉందని తెలియలేదు. మరుసటి ఏడాది అన్నీ నేనే చేసుకున్నాను.

సూర్యాపేట కుర్రాడు:
ఇవన్నీ నిజమే కావచ్చు, కాని డాలస్‌లో ఒక బాబాయి, న్యూజెర్సీలో ఒక పెదనాన్న ఉన్నవారికే ఈ ధైర్యం ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదట. మార్కుల మెమో వేరు, అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్ వేరు అని, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలని నాకు చెప్పింది కన్సల్టెన్సీవారే. వ్యవసాయ భూమిని తాకట్టుగా తీసుకోబోమని బ్యాంకు తిప్పి పంపితే, మేనమామ గారి ఇంటిని ఆయన సమ్మతితో చూపించవచ్చని చెప్పి, సీఏ చేత ఆస్తుల స్టేట్‌మెంట్ రాయించిందీ వారే. మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపించనిదే ఐ-20 (వీసాకు కావలసిన, యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాదు. పిల్లవాడి ఎస్‌ఓపీ ఎంత గొప్పగా ఉన్నా అక్కడే ఆగిపోతుంది. అమీర్‌పేటలో మోసం చేసేవారు లేరని నేననను, కాని దారి తెలియనివాడిని ‘అంతా నువ్వే చూసుకో’ అనడం కూడా న్యాయం కాదు.

పాఠాలు చెప్పే మాస్టారు:
సిఫార్సు లేఖల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. నవంబర్ వస్తే మా స్టాఫ్‌రూమ్ ముందు పిల్లలు ఫైళ్లు పట్టుకుని నిలబడతారు. లేఖ తామే రాసుకువచ్చి సంతకం పెట్టమంటారు, ఈ అలవాటు నేర్పింది మేమేనని ఒప్పుకోవాలి. నిరుడు ఒక అబ్బాయి తరఫున లేఖ ఎక్కించడానికి యూనివర్సిటీ పంపే లింక్ నాకు రాలేదేమని ఆరా తీస్తే, నా పేరుతో ఎవరో జీమెయిల్ ఐడీ తెరిచి, నేను రాసినట్టే లేఖ ఎక్కించేశారని తేలింది. అందులో నేను అతని మేధస్సుకు ముగ్ధుణ్ణయ్యానట. ఆ అబ్బాయి నా క్లాసులో కనబడిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ పని ఎవరు చేసినా, వివరాలన్నీ నిజమని దరఖాస్తు చివర ఒప్పుకున్న సంతకం విద్యార్థిదే. వీసా దశలో ఇది మరీ తీవ్రం. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని ఆ ఫారమే అడుగుతుంది. తప్పుడు పత్రంతో వీసా కోరినట్లు తేలితే అమెరికా చట్టం ప్రకారం ఆ అనర్హత జీవితాంతం వెంటాడుతుంది. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ వ్యవహారం గుర్తుండే ఉంటుంది: మిషిగన్‌లో అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీవారే వల పన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. అందులో పిల్లలను చేర్పించినందుకు 8 మంది మీద కేసులు పడ్డాయి. అరెస్టయిన పిల్లలు దానికి ఎన్నో రెట్లు.

బెర్లిన్ దారిలో:
జర్మనీకైతే ఈ చర్చే తక్కువ. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, ఫీజు లేనిచోట కమీషన్ ఎక్కడిది? అందుకే కన్సల్టెన్సీలో అడగ్గానే ప్రైవేటు కళాశాలల బ్రోచర్లు చేతిలో పెడతారు. మనవారికి 2022 నవంబర్ నుంచి తప్పనిసరి చేసిన ఏపీఎస్ సర్టిఫికెట్‌ను (మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) నేనే తీసుకున్నాను. అక్కడి ఖర్చులకు డబ్బుందని చూపే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయడానికి మాత్రం నాన్నగారి సాయం కావలసి వచ్చింది.

కూకట్‌పల్లి టు టెక్సస్:
సూర్యాపేట తమ్ముడూ, లోను ఫైలుకు, ఆస్తుల పత్రాలకు సాయం తీసుకోవడాన్ని నేను కాదనడం లేదు. ఆ పనికి ఇంత అని డబ్బిచ్చి చేయించుకుంటే వారికీ మనకూ లెక్క సరిపోతుంది. ఏ యూనివర్సిటీ, ఏ మెయిల్, ఏ ఎస్‌ఓపీ అన్నవి మాత్రం ఇంకొకరి చేతిలో ఉండకూడదు.

సూర్యాపేట కుర్రాడు:
ఉచితం కాకపోతే ఆ మెట్టు నేను ఎక్కేవాణ్ణే కాదు, అక్కా. అక్కడే మనిద్దరికీ పొత్తు కుదరదు.

మలక్‌పేట నాన్న:
సోమవారం వెళ్లి, మెయిల్ ఐడీ అమ్మాయిదే పెడతారా అని అడిగాను. అలా అయితే తాము ట్రాక్ చేయలేమన్నారు. మెమోలు తిరిగి ఇవ్వడానికి గంటన్నర కూర్చోబెట్టారు, తీసుకుని వచ్చేశాను. లోను పత్రాల వరకు మా పాత డిపో అకౌంటెంట్ గారికి తెలిసిన సీఏ దగ్గర డబ్బిచ్చి చేయించుకుంటాం.

నిన్న రాత్రి అమ్మాయి ఎస్‌ఓపీ మొదటి పేరా తెలుగులో చెప్పి వినిపించింది. బస్సులు ఎంత ఆలస్యంగా వస్తాయో ముందే అంచనా వేసే ప్రాజెక్టు చేసిందట. దానికి తొలి ఆలోచన, నేను డిపో నుంచి ఇంటికి తెచ్చుకుని పెన్సిల్‌తో సరిచూసుకునే టైమింగుల కాగితాల నుంచి వచ్చిందని రాసింది. ఆ కాగితాలు తను చూసేదని నాకు తెలియదు.

మాస్టారు గారూ, ఒక్క సందేహం. ఆ ప్రాజెక్టుకు గైడ్‌గా ఉన్న మేడమ్ గారికి కాలేజీ మెయిల్ ఐడీ లేదట, జీమెయిల్ ఇస్తే ఇబ్బందా?

పాఠాలు చెప్పే మాస్టారు:
కాలేజీ ఆఫీసులో అడిగితే చాలాచోట్ల ఇస్తారు, రెండు రోజులు తిరగవలసి వస్తుంది. ఆ లోపు మేడమ్ గారి చేత లేఖ రాయించమనండి, డ్రాఫ్ట్ మాత్రం పట్టుకు వెళ్లవద్దని అమ్మాయికి చెప్పండి.