ఫార్మకాలజీ, మెడికల్ సర్జికల్ నర్సింగ్: గంటల తరబడి చదివినా మార్కులు రావడం లేదు

ప్రశ్న (నర్సింగ్ రెండవ సంవత్సరం విద్యార్థిని)

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీలను బట్టీ పట్టి నెట్టుకొచ్చాను గాని, ఈ ఏడాది ఫార్మకాలజీ, మెడికల్ సర్జికల్ నర్సింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి ఏమాత్రం పనిచేయడం లేదు. రోజుకు ఐదారు గంటలు కూర్చుంటున్నాను. నా పుస్తకంలో గీతలు గీయని పేజీ లేదు, నోట్సు రెండుసార్లు తిరగరాశాను. అయినా మొన్నటి పరీక్షలో ఇలాంటి ప్రశ్న వచ్చింది: గుండె వైఫల్యానికి డిగాక్సిన్, ఫ్యూరోసమైడ్ వాడుతున్న రోగి తనకు వికారంగా ఉందని, చూసినవన్నీ పసుపుగా కనిపిస్తున్నాయని చెబితే నర్సు మొదట ఏం చేయాలి? ఆ రెండు మందుల గురించీ విడివిడిగా అడిగితే పేజీల కొద్దీ రాయగలను. కాని అక్కడ ఇచ్చిన నాలుగు జవాబులూ నాకు సరైనవిగానే తోచాయి, చివరికి వాంతులు తగ్గే మందు ఇవ్వాలని గుర్తు పెట్టి వచ్చాను. క్లినికల్ పోస్టింగ్ ఉన్న రోజుల్లో ఇంటికి చేరేసరికి ఓపిక కూడా ఉండదు. ఈ సబ్జెక్టులను ఎలా చదవాలో దయచేసి చెప్పండి.

జవాబు 1 (నర్సింగ్ ట్యూటర్)

అమ్మా, మీ శ్రమలో లోపం లేదు, చదివే తీరులోనే ఉంది. గీతలు గీసినా, నోట్సు తిరగరాసినా పేజీ కళ్లకు అలవాటవుతుంది, ఆ అలవాటునే మనం విషయం వచ్చేసిందని పొరబడతాం. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులపై జరిపిన ప్రయోగంలో, ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందుండగా, వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారే ముందు నిలిచారు.

మీ ప్రశ్ననే తీసుకుందాం. ఫ్యూరోసమైడ్ మూత్రంతో పాటు పొటాషియాన్ని కూడా బయటికి పంపేస్తుంది. గుండె కండర కణాల్లోని సోడియం పొటాషియం పంపు మీద డిగాక్సిన్, పొటాషియం ఒకే చోటు కోసం పోటీ పడతాయి కాబట్టి, రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 మిల్లీ ఈక్వివలెంట్ల కంటే తగ్గితే డిగాక్సిన్‌కు అడ్డు తగ్గి, మామూలు మోతాదు కూడా విషంగా మారగలదు. వికారం, పసుపు చూపు ఆ విషప్రభావపు గుర్తులు. ఇంతవరకు తెలిస్తే తర్వాతి పని దానంతట అదే తోస్తుంది: తర్వాతి మోతాదు ఆపి, ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి నిండా ఒక నిమిషం గుండె స్పందనలు లెక్కించి, డాక్టరుకు తెలియజేసి, పొటాషియం, డిగాక్సిన్ స్థాయిల రిపోర్టులు చూడాలి. వాంతుల మందు ఇస్తే ఆ గుర్తు మరుగున పడుతుందే తప్ప ప్రమాదం తగ్గదు.

అందుకని ఒక పాఠం పూర్తవగానే పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద కారణం నుంచి లక్షణానికి, లక్షణం నుంచి నర్సు చేయవలసిన పనికి బాణాలు గీయండి. ఎక్కడ బాణం ఆగిపోయిందో అక్కడ మాత్రమే పుస్తకం తెరవండి. అదే కాగితాన్ని మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ చూడకుండా గీయండి. మొదట్లో ఇది చాలా కష్టంగా ఉంటుంది. ఆ కష్టం చూసి విరమించవద్దు.

జవాబు 2 (స్టాఫ్ నర్సు)

చెల్లెమ్మా, నేను ఫార్మకాలజీ ఒకసారి తప్పాను కాబట్టి నీ బాధ నాకు తెలుసు. మందులను ఒక్కొక్కటిగా కాక కుటుంబాలుగా చదువు. రక్తపోటు తగ్గించే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి "ప్రిల్" మందులు శరీరంలో తయారయ్యే బ్రాడీకైనిన్ అనే పదార్థం విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటాయి, అది పేరుకుపోయి కొందరికి పొడి దగ్గు వస్తుంది. లోసార్టాన్ వంటి "సార్టాన్" మందులకు ఆ గుణం లేదు కాబట్టి దగ్గు భరించలేనివారికి వాటిని రాస్తారు. ఈ ఒక్క కారణం తెలిస్తే రెండు కుటుంబాలు గుర్తుండిపోతాయి.

డ్యూటీ రోజున విడిగా చదవాలని పట్టుబట్టకు. వార్డులో ఒక్క రోగి కేస్ షీటు తీసుకుని, ప్రతి మందుకూ మూడు సంగతులు చిన్న కార్డు మీద రాసుకో: ఈ రోగికే ఇది ఎందుకు, ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక దేనికోసం కనిపెట్టుకుని ఉండాలి. కార్డు మీద రోగి పేరు, పడక సంఖ్య మాత్రం ఎప్పుడూ రాయకూడదు. నా జేబులో నలిగిన ఆ కార్డులే నన్ను రెండోసారి గట్టెక్కించాయి.

జవాబు 3 (చివరి సంవత్సరం విద్యార్థి)

మోతాదు లెక్కలను పరీక్ష ముందు రోజుకు వదలకుండా రోజూ రెండు మూడు చేయండి. 1000 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెలైన్ ఎక్కించే గొట్టపు సెట్టులో మిల్లీలీటరుకు 15 చుక్కలు పడతాయి అనుకుంటే, 1000ని 15తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 31 చుక్కలు. గంటలను నిమిషాలుగా మార్చడం మరిచిపోతే 1875 వస్తుంది; నిమిషానికి అన్ని చుక్కలు పడతాయా అని ఒక్క క్షణం ఆలోచిస్తే తప్పు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు

ట్యూటర్ గారికి, అక్కకు, అన్నయ్యకు కృతజ్ఞతలు. నిన్న ఎడమవైపు గుండె వైఫల్యం పాఠంతో ప్రయత్నించాను. రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వరకు బాణం వెళ్లింది గాని, రోగి పడుకోగానే ఆయాసం ఎందుకు పెరుగుతుందో రాయలేకపోయాను. పుస్తకంలో ఆ వాక్యం కింద నేను గీసిన గీత స్పష్టంగా ఉంది. స్నేహితులతో కలిసి చదవడం మేలా?

జవాబు 1 (నర్సింగ్ ట్యూటర్)

ఇద్దరు ముగ్గురైతే మేలే. కాని అందరూ ముందుగా ఎవరి కాగితం వారు గీసుకుని రావాలి, ఒకరు వివరిస్తుంటే మిగతావారు ప్రతి బాణం దగ్గరా "ఎందుకు" అని అడగాలి. పడుకున్నప్పుడు కాళ్లలోని రక్తం గుండెకు ఎక్కువగా తిరిగి వస్తుంది, బలహీనపడిన ఎడమ జఠరిక దాన్ని ముందుకు నెట్టలేకపోతుంది. అలాంటి రోగిని తల ఎత్తుగా ఉండేలా ఎందుకు కూర్చోబెడతామో ఇప్పుడు మీరే బాణం గీసి చూడండి.