వాడిన నూనె మళ్లీ వంటలోకి పోకుండా ఎవరికి ఇవ్వాలి?

మాది చిన్న మిఠాయి, కారా షాపు. రోజుకు 15 కిలోల పామోలిన్ టిన్ను ఒకటి బాణలిలో పడుతుంది. టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె కాగేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన. వాటిని కొలిచే మీటరు లేకున్నా గుర్తులు తెలుస్తాయి: నురగ పొంగి తగ్గదు, గరిటె ఎత్తితే తీగలా జారుతుంది, సన్న మంటకే పొగ. రాలిన పిండి అడుగున మాడితే ఇంకా త్వరగా చెడుతుంది. కొత్త నూనె కలిపితే పాతది బాగుపడదు, కొత్తదీ పాడవుతుంది.

అసలు చిక్కు తీసేసిన నూనెతోనే. వారానికి 20 లీటర్లు మిగులుతోంది. కిలో లెక్కన కొంటామని వచ్చేవాళ్లు ఎక్కడికి తీసుకెళ్తారో చెప్పరు, రసీదివ్వరు. అది ఏ బజ్జీల బండికో చేరి, పిల్లలు తింటారేమోనని భయం. కాలువలో పోస్తే మురుగు పూడుకుపోతుంది. నూనె వాడకం రికార్డు రాయాలన్న నిబంధన వేపుడుకు రోజుకు 50 లీటర్లు దాటి వాడేవాళ్లకే, అయినా మన బాధ్యత తప్పదు కదా.

రూకో (వాడిన నూనెను బయోడీజిల్‌గా మార్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కార్యక్రమం) కింద నూనె సేకరించేవాళ్లకు ఇస్తున్న చిన్న షాపులవాళ్లు చెప్పండి: కనీసం ఎన్ని లీటర్లుంటే వస్తున్నారు? నాలుగైదు షాపులు కలిసి ఒకే డ్రమ్ములో పోగుచేస్తే ఒప్పుకుంటారా? అలాగైతే రసీదు ఎవరి పేరున రాస్తారు? చల్లార్చి, వడకట్టి, తడి తగలకుండా మూతపెట్టి ఉంచితే నెల దాకా ఆగుతారా?