స్టేషన్‌లో ఒప్పుకున్నాడు కదా, మళ్లీ రుజువులెందుకు?

గోదారి గట్టు:
మా ఆవిడ మెళ్లో గొలుసు తెంపుకుపోయినవాణ్ణి పట్టుకున్నారు. ప్రెస్ మీట్‌లో ముసుగేసి నిలబెట్టి, "నేరం అంగీకరించాడు" అన్నారు. మా బావమరిదేమో ఆ ఒప్పుకోలు కోర్టులో చిత్తు కాగితమే అంటున్నాడు. పైగా వాడికి లాయరట. మరి మా గోడు ఎవరు వింటారు?

పాత బార్:
మీ బావమరిది ముప్పాతిక కరెక్టు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదన్నది 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో అదే 23వ సెక్షన్. రాసింది తెల్లదొరలు, తమ పోలీసుల మీద వాళ్లకే అంత నమ్మకం!

మిగతా పాతిక పాత 27వ సెక్షన్, అంటే "వస్తే చూపిస్తా" దారి: నిందితుడు చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. దీని మీద లా కాలేజీల్లో అందరూ చదివే తీర్పు మన గుంటూరు కేసే: పులుకూరి కోటయ్య, ప్రివీ కౌన్సిల్ (తెల్లదొరల కాలంలో మన పై కోర్టు), 1946 డిసెంబర్. ఒక నిందితుడు పోలీసులకు ఇలా చెప్పాడు: చెరువు మూల కాపేశాం, కొట్టి చంపాం, బల్లెం, నా కర్ర ఫలానా వాళ్ల గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తా. లండన్ జడ్జీలు "దాచాను, చూపిస్తా" అన్న ముక్క ఉంచి మిగతాదంతా కొట్టేశారు. గడ్డివాములో దొరికింది బల్లెం, హత్య కాదు కదా.

ఖాకీ పెన్షనర్:
చదవడానికి బాగానే ఉంటుంది సార్. లాయర్ పక్కన కూర్చుంటే ఎవడైనా నోరు విప్పుతాడా? మేజిస్ట్రేట్ ముందు చెప్పించండి అంటారు. అక్కడ ముందే "చెప్పక్కర్లేదు, చెప్తే నీ మీదే వాడతారు" అని హెచ్చరిస్తారు. చెప్పనంటే మళ్లీ మా కస్టడీకి ఇవ్వరు. నేను సర్వీసులో ఎవర్నీ కొట్టలేదని అబద్ధమాడను. కానీ గొలుసు తిరిగొచ్చినప్పుడు దండం పెట్టినవాళ్లే ఇప్పుడు హక్కులంటున్నారు.

కిరాణా కొట్టు:
అన్నా, నేనొకసారి మధ్యవర్తిగా, అంటే పోలీసుల పంచనామాకి సాక్షిగా, సంతకం పెట్టాను. బైకుల దొంగతనం కేసు. స్టేషన్‌కి పిలిచి టీ ఇచ్చారు. "కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా", అంటే ఒప్పుకోలు, సొత్తు స్వాధీనం కలిపి రాసే కాగితం, అప్పటికే టైపైపోయింది, మా పేర్ల దగ్గర మాత్రం ఖాళీ. "మా సమక్షంలో స్వచ్ఛందంగా చెప్పినది" అని ఉంది. బైకు స్టేషన్ ఆవరణలోనే ఉంది. ఆ కుర్రాడు గోడకానుకుని కూర్చున్నాడు, నా వైపు చూడనైనా లేదు. కొట్టు తెరవాలి, సంతకం పెట్టి వచ్చేశాను. ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పాత బార్:
చూశారా! 25వ సెక్షన్ ఉతికి ఆరేసిన ఒప్పుకోలు ఇలా దొడ్డిదారిన లోపలికొస్తుంది. అందుకే నా గొడవంతా లాయర్ ఎప్పుడొస్తాడన్న దాని మీదే. రాజ్యాంగం 22(1)లో లాయర్‌ని సంప్రదించే హక్కుంది. 1978లో నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ గారు పోలీసు విచారణ దగ్గరే లాయర్ ఉండనివ్వాలన్నారు. చట్టంలోకొచ్చేసరికి, బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 38వ సెక్షన్, విచారణ మధ్యలో లాయర్‌ని కలవొచ్చు, సాగినంతసేపూ కాదు. కసబ్ తీర్పు, 2012, మేజిస్ట్రేట్ ముందుకు మొదటిసారి తెచ్చినప్పుడు లాయర్ హక్కు గురించి చెప్పాలంది. అంటే ఉచిత లాయర్ సాయం పేదవాడికి అందేసరికి అరెస్టై ఒక రోజు కావొచ్చు. నేను చూసిన పంచనామాల్లో ఎక్కువ ఆ 24 గంటల్లో తయారైనవే.

అట్లాంటా అల్లుడు:
అమెరికాలో మిరాండా తీర్పు, 1966, ప్రకారం లాయర్ కావాలంటే ప్రశ్నలు ఆపాలి. కానీ హక్కు వదులుకుని నోరు జారితే పోలీసులకు చెప్పిందే సాక్ష్యం. ఈ విషయంలో మన రూలే గట్టిది. కానీ మన దగ్గర గదిలో ఏం జరిగిందో చూసేవాళ్లే లేరు.

ఖాకీ పెన్షనర్:
కెమెరాలు పెట్టమని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందిగా, విచారణ గదుల్లో కూడా. ఫుటేజీ తెప్పించుకోండి.

పాత బార్:
అడిగినప్పుడల్లా అది పాడై ఉంటుంది సార్, మీకు తెలియనిదా. గోదారి గట్టు గారూ, మీ కేసులో ఒప్పుకోలు సంగతి వదిలేయండి. దొంగసొత్తు కొద్ది రోజుల్లోనే అతని దగ్గర దొరికిందని తేలితే అదే పెద్ద సాక్ష్యం. ఇంతకీ ఎక్కడ దొరికింది? మధ్యవర్తులెవరు?

గోదారి గట్టు:
కుదువ కొట్టులో దొరికిందన్నారు. మధ్యవర్తి మా బావమరిదే. చదివి సంతకం పెట్టాడో లేదో ఇప్పుడే ఫోన్ చేసి అడుగుతా.