ఎదిగే సీమపందుల దాణాలో మొక్కజొన్న తీసేసి జొన్న వేయొచ్చా?

పలమనేరు_ఫామ్: ఇథనాల్ ఫ్యాక్టరీలు ఎగబడి కొంటుంటే మొక్కజొన్న మన చేతికి అందడం లేదు. మావి 25–50 కిలోల యార్క్‌షైర్ సంకరం పందులు. మాష్‌లో (పొడి దాణాలో) 60 శాతం మొక్కజొన్నే. మొత్తం తీసేసి జొన్న వేద్దామంటే ఫీడ్ డీలర్ బరువు రాదంటున్నాడు. ఎవరైనా వేశారా?

ఆదోని_జొన్న: ఆయన అమ్మేది మొక్కజొన్న దాణా, ఇంకేమంటాడు! తెల్లజొన్న శక్తిలో నాలుగైదు శాతమే తక్కువ. గింజ చిన్నది, గట్టిది కాబట్టి మర సన్నగా పట్టించాలి. మాది 3 మి.మీ. జల్లెడ. పగలని గింజ పేడలో అలాగే వచ్చేస్తుంది. ఎర్రజొన్న మాత్రం వద్దు, అందులోని టానిన్ అనే వగరు పదార్థం వల్ల మాంసకృత్తులు సరిగా అరగవు.

ఆర్మూర్_రైతు: ఎర్రగున్నంత మాత్రాన టానిన్ ఉన్నట్టు కాదన్నా. పొట్టు కింద ముదురు పొర ఉన్న రకాలతోనే తంటా. గోరుతో గీకి చూడు. కానీ మక్కలకు బదులు జొన్నలంటే లెక్క ఏడ కుదురుతది?

తణుకు_మిల్లు: అదే నా మాటానూ. 2025–26 మద్దతు ధరలు చూడండి: మొక్కజొన్న 2,400, సజ్జ 2,775, హైబ్రిడ్ జొన్న 3,699 రూపాయలు. జొన్న క్వింటాలు మొక్కజొన్న ధరలో 95 శాతం దాటితే కొనడం దండగ. మా వైపు నూకలు వేస్తారు. పీచు తక్కువ, టానిన్ బెడద లేదు, శక్తిలో మొక్కజొన్నకు తీసిపోవు. నూకలతో పాటు తవుడు కూడా కొంటే, నూనె తీయని పచ్చి తవుడు మాత్రం ఎక్కువ నిల్వ పెట్టకండి, ముక్కిపోతుంది.

పశువైద్యం_గన్నవరం: అందరూ గింజ దగ్గరే ఆగిపోయారు. ఈ వయసు పందికి క్వింటాలు దాణాలో దాదాపు కిలో లైసిన్ (మాంసకృత్తుల్లో ఉండే, పెరుగుదలకు కావాల్సిన అమైనో ఆమ్లం) కావాలి. 60 కిలోల మొక్కజొన్న ఇచ్చేది 150 గ్రాములే, మిగతాది ఎక్కువగా సోయా చెక్క నుంచి రావాలి. జొన్నా అంతే, నూకలూ ఇంచుమించు అంతే. సజ్జలో 60 గ్రాములు ఎక్కువ రావచ్చు, అంటే రెండు కిలోల సోయా చెక్క మిగిలినట్టు. చాలామంది గింజ మార్చి, ఆ ఊపులో సోయా చెక్క కూడా తగ్గించేస్తారు. బరువు ఆగిపోగానే నింద జొన్న మీద పడుతుంది.

ఆదోని_జొన్న: మద్దతు ధర ఎవరికి దక్కింది సార్? వానకు తడిసి నల్లబడిన ఖరీఫ్ జొన్న సగం ధరకు ఇస్తున్నారు. లెక్క అక్కడ కుదురుతుంది.

పశువైద్యం_గన్నవరం: ఆ నల్లదనం బూజండీ! కోళ్లు కొంత తట్టుకుంటాయి, పందులు తట్టుకోలేవు. మేత మానేస్తాయి, ఆడ పందిపిల్లల్లో మానం వాస్తుంది. దాణాలో విషాన్ని పట్టి ఉంచడానికి కలిపే బంకమట్టి రకం టాక్సిన్ బైండర్, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి పనిచేసినంతగా ఫ్యుజేరియం అనే ఈ రకం బూజు విషాలకు పనిచేయదు. ఇథనాల్ ఫ్యాక్టరీ డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు గింజ పిప్పి) కొన్నా ఇదే జాగ్రత్త. పిండిపదార్థం పోయి గింజలోని విషం దాదాపు మూడింతలు చిక్కబడుతుంది.

ఆదోని_జొన్న: మేం మంచి జొన్నలో పావు వంతు కలిపి వేస్తున్నాం, ఇప్పటిదాకా ఏం కాలేదు.

పశువైద్యం_గన్నవరం: ల్యాబ్‌లో పరీక్ష చేయించారా?

పలమనేరు_ఫామ్: నల్లజొన్న మాటే వద్దు నాకు. ఇక్కడ నూకలు మొక్కజొన్న కంటే తక్కువకే దొరుకుతున్నాయి. సగం మొక్కజొన్న, సగం నూకలు, సోయా చెక్క కదపను. మాష్ మరీ పిండిగా అవుతుందా? తడిపి పెట్టాలా?

తణుకు_మిల్లు: తడపండి, దుమ్ము లేవదు. పూట పూటకీ తొట్టి కడగాలి మరి, పులిసిపోతుంది.