ముఫ్లిస్‌లో ఆసు పెద్దదా, ఒకటా?

చింతపిక్క:
దీపావళి రాత్రి ఇంట్లో ఆరుగురం మూడు ముక్కలాట వేశాం. డబ్బుల్లేవు, తలా వంద చింతపిక్కలు. ఎవరు పంచితే వాళ్లు ఆట రకం చెప్పాలి. మా బావ ముఫ్లిస్ అన్నాడు. తిరగేసిన ఆట అన్నమాట: ట్రయల్ (మూడూ ఒకే అంకె) వస్తే ఏడుపే, చెత్త ముక్కలదే గెలుపు. చివరికి నేనూ బావా మిగిలాం, షో అడిగాను. నావి ఇస్పేటు 2, కళావరు 3, ఆఠీను 5. ఆయనవి ఆసు, 2, 4, అవీ కలవని రంగులే. ఆసంటే ఒకటి కాబట్టి తనదే చిన్నదని పిక్కలన్నీ లాక్కున్నాడు. న్యాయమేనా?

కళావరు రాణి:
అన్యాయం. మామూలు ఆటలో జత కూడా పడని ముక్కల్లో ఆసు-రాజు-జాకీ అన్నిటికన్నా పెద్దవి, 2-3-5 అన్నిటికన్నా చిన్నవి. ముఫ్లిస్ అంటే ఆ వరసనే తలకిందులు చేయడం. తిరగేయగానే ఆసు ఒకటైపోతుందా?

డల్లాస్ తమ్ముడు:
ఇక్కడ మేం శనివారాలు ఇంట్లో పోకర్ ఆడతాం. అందులోనూ ఇదే గొడవ. అందుకే చిన్న ముక్కలు గెలిచే ఆటకి రకానికో పేరు పెట్టారు. ‘డ్యూస్ టు సెవెన్’లో ఆసు పెద్దదే, 2-3-4-5-7 గెలుస్తుంది. ‘ఏస్ టు ఫైవ్’లో ఆసు ఒకటి, సీక్వెన్స్ (వరస అంకెలు), కలర్ (అన్నీ ఒకే రంగు) పట్టించుకోరు, కాబట్టి ఆసు-2-3-4-5దే ఆట. బావగారు రెండోది ఆడారేమో.

కళావరు రాణి:
అలాగైతే ఆసు-2-3 ఆయన్ని కూడా ఓడించాలి తమ్ముడూ. ఒప్పుకుంటారేమో అడగమను.

డల్లాస్ తమ్ముడు:
మూడోది కూడా ఉందక్కా, ‘ఏస్ టు సిక్స్’. ఆసు ఒకటే, కానీ సీక్వెన్స్ పడితే దెబ్బ. దాన్ని మూడు ముక్కలకి దింపితే అచ్చంగా ఆసు-2-4! బావగారు తెలియకుండానే ఆడేశారు :)

పాత జాకీ:
ఆసు ఒకటి అన్నది బావ సొంత కవిత్వం కాదండీ. ఆసు-2-3ని సీక్వెన్స్‌గా ఒప్పుకుంటున్నాంగా. చాలా ఇళ్లలో ఆసు-రాజు-రాణి తర్వాత దానిదే స్థానం. ఇంగ్లండు వాళ్ల మూడు ముక్కలాట బ్రాగ్‌లో అయితే అదే మొదటిది. పోనీ లెక్కతో తేలుద్దామంటే, సీక్వెన్సా కలరా అన్న తగువు తేలినట్టు ఇది తేలదు. పడగల 22,100 చేతుల్లో సీక్వెన్సులు 720, కలర్లు 1,096, కాబట్టి సీక్వెన్స్ పెద్దది, పోకర్ వాళ్లు ఎంత అరిచినా సరే. కానీ కలవని రంగుల 2-3-5లు 60, ఆసు-2-4లూ 60. ముందే చెప్పుకోవాల్సిన మాట ఇది. అన్నట్టు, పిక్కలతో ఆడి మంచి పని చేశారు. 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఆట అంటూనే, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదని పోల్చి చెప్పింది.

చింతపిక్క:
బావని అడిగాను. ఎదుటివాళ్లకి ఆసు-2-3 వచ్చినా తనదే గెలుపట! మా చెల్లి తీర్పు చెప్పింది: పంచేవాడు ముక్కలు కలిపేటప్పుడే ‘ఆసు ఒకటి’ అనాలి, అనకపోతే పెద్దదే. వచ్చే ఆట నుంచి అమలు. నా పిక్కలు మాత్రం తిరిగి రాలేదు, పొద్దున్నే అత్తయ్య ఊడ్చేసింది.