ఏసీ వేస్తే కాళ్ల కింద నీళ్లు

మాది శ్రీకాకుళం. మొన్న పలాస నుంచి కార్లో ఏసీ వేసుకుని వస్తుంటే నరసన్నపేట దాటాక పక్క సీట్లో ఉన్న అమ్మ "కాళ్ల కింద తడిగా ఉందిరా" అంది. మ్యాట్ ఎత్తితే కార్పెట్ పిండితే కారేంత నీళ్లు. వానా లేదు. మెకానిక్ డ్యాష్‌బోర్డు విప్పాలంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పుడే విప్పించకండి అన్నా. నీళ్లు జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లీకు. మామూలు నీళ్లయితే ఏసీ డ్రెయిన్ పైపు, అంటే ఏసీ నీళ్లు బండి కిందకి పోయే గొట్టం, మూసుకుపోయి ఉంటుంది.

జవాబు: విజయనగరంలో నాకూ ఇదే జరిగింది. ఏసీ వేసి బండి నిలిపి ఉంచండి, కింద చుక్కలు పడాలి. పడకపోతే పైపులోకి గాలి మెల్లగా కొట్టించండి. గట్టిగా కొడితే గొట్టం ఊడొస్తుంది.

అడిగినవారు: ఒక్క చుక్కా పడలేదు! గాలి కొట్టించగానే నల్లటి బురద ముద్ద, వెనకే చెంబెడు నీళ్లు. కార్పెట్ డాబా మీద ఆరేశాను. చాలా థాంక్స్ అన్నా.